మదురై వీరుడి జీతం

మదురై మీనాక్షి గుడి తూర్పు గోపురం దగ్గర ఒక చిన్న సన్నిధి ఉంది. లోపల కోరమీసంతో, చేతిలో కత్తితో ఒక దేవుడు. పేరు మదురై వీరన్. పెద్ద గుడికి తొందరపడే యాత్రికుల్లో చాలామంది ఆయన వైపు చూడకుండానే సాగిపోతారు. కానీ మదురై సీమలోనూ, కోయంబత్తూరు చుట్టూ ఉన్న కొంగునాట్లోనూ ఊరి పొలిమేరల్లో, పేటల మొదట్లో, వేపచెట్ల కింద ఆయన కనిపిస్తూనే ఉంటాడు. ఆయనకు చుట్ట, సారాయి, కోడి నైవేద్యం. పాలూ పళ్లూ పెట్టి ఒప్పించే దేవుడు కాదు.

ఆయన కథను ఒక్కో ఊళ్లో ఒక్కో రకంగా చెబుతారు. స్థూలంగా ఇదీ సంగతి. వీరన్ చెప్పులు కుట్టే దంపతుల ఇంట పెరిగాడు. బొమ్మన్న అనే నాయకుడి కూతురు బొమ్మిని ఇష్టపడి లేవదీసుకుపోయాడు. అతని బలం చూసి పాలకులు కొలువిచ్చారు. మదురై చుట్టుపక్కల దొంగల బెడద తట్టుకోలేక తిరుమల నాయకుడు అతన్ని రప్పించి కాపలా పని అప్పగించాడు. దొంగలు అణిగారు. ఆ తర్వాత వెళ్లయమ్మాళ్ అనే నర్తకి విషయంలో అనుమానం వచ్చి, అదే రాజు అతని ఒక చేయీ ఎదురువైపు కాలూ నరికించాడు. నిజం తెలిశాక రాజు కుమిలిపోయాడంటారు, మీనాక్షమ్మ కరుణించిందంటారు, అయినా వీరన్ బతకడానికి ఒప్పుకోలేదంటారు. ఆపైన గుడి వెలిసింది.

ఈ కథకు ఒక అతుకు కూడా ఉంది. వీరన్ నిజానికి కాశీరాజు కొడుకనీ, పుట్టుకలో అపశకునం ఉందని అడవిలో వదిలేస్తే ఆ దంపతులు పెంచారనీ ఆ అతుకు చెబుతుంది. 1956లో ఎం.జి.రామచంద్రన్ నటించిన ‘మదురై వీరన్’ సినిమా కూడా ఈ దారే పట్టింది. చెప్పులు కుట్టే ఇంట పుట్టినవాడు వీరుడు కావడం కథ చెప్పేవాళ్లలో కొందరికి మింగుడుపడలేదన్నమాట. తోలుపని కులాల వాళ్లైన అరుంధతీయర్ల ఉద్యమాల్లో ఉన్నవాళ్లు ఈ కాశీ ముక్కను చాలాకాలంగా తోసిపుచ్చుతున్నారు. వీరన్ తమవాడేనని, రాజరక్తం అరువు తెచ్చుకోనక్కర్లేదని వాళ్ల వాదన.

ఆ మాట అంటున్నవాళ్ల ఇళ్లలో వినిపించేది తెలుగు.

తమిళనాడు ప్రభుత్వ లెక్కలో అరుంధతీయర్ అంటే ఏడు కులాల పేర్లు: అరుంధతీయర్, చక్కిలియన్, మాదారి, మాదిగ, పగడై, తోటి, ఆది ఆంధ్ర. వీళ్లలో ఎక్కువమంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో తమిళం చదువుతారు. మదురైలో 1529లో విశ్వనాథ నాయకుడితో మొదలైన నాయక పాలనకు అటూ ఇటూగా తెలుగు సీమ నుంచి కమ్మవారు, బలిజలు, కంబళ నాయకులు దక్షిణానికి వెళ్లి స్థిరపడ్డారు. తోలుపని చేసేవాళ్లూ ఆ వలసల్లో భాగమే. సైన్యానికీ సేద్యానికీ తోలు లేకుండా పూట గడవదు మరి. కొంగునాట్లో బావులు లోతు. ఆ బావుల్లోంచి ఎద్దులు తోడే కపిలి బాన తోలుదే. దాన్ని కుట్టేదీ చిరిగితే అతికేదీ వీళ్లే. 1930లలో పైకారా జలవిద్యుత్తు కోయంబత్తూరు దాకా వచ్చింది. మిల్లులతో పాటు పొలాల్లో మోటార్లు పెరిగాయి. కపిలి మూలపడింది, దాంతో ఊళ్లో వీళ్ల పనీ పోయింది. పట్నంలో వీళ్ల కోసం ఖాళీగా ఉన్న పని ఒక్కటే, మున్సిపాలిటీ చీపురు. మోటారు వచ్చి బావి దగ్గర ఎద్దుకు విశ్రాంతి దొరికిందేమో గాని, తోలు కుట్టినవాడికి మాత్రం దొరికింది కాలువ.

నేటికీ కోయంబత్తూరు, మదురై కార్పొరేషన్లలో రోడ్లు ఊడ్చేవాళ్లలో, చెత్త బళ్లు తోసేవాళ్లలో, మురుగు కాలువల్లో దిగేవాళ్లలో పెద్ద పాలు వీళ్లదే. తెల్లవారక ముందే వార్డు ఆఫీసు దగ్గర హాజరు పడాలి. ఆలస్యమైతే మేస్త్రీ మాట పడాలి. వీధిలో ఇంటివాళ్ల మాట వేరు. ఒకే బుట్టలో తడి చెత్తా, గాజు పెంకులూ, పసిపిల్లల డైపర్లూ కలిపి పడేసి, వేరు చేయమంటే గుర్రుమంటారు. దాహమేస్తే నీళ్లు పై నుంచి పోసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. కాంట్రాక్టు మనిషైతే నెలాఖరుకు జీతం ఎంత చేతికొస్తుందో, ఎందుకు కోశారో అడిగే దారి ఉండదు. ప్రజాసేవలో ముందు వరుసలో నిలబడేవాడి ఒత్తిడి అంటే పోలీసు, నర్సు, బస్సు కండక్టరు గుర్తొస్తారు. ఆ వరుసకు కూడా ముందు చీపురు పట్టుకుని ఒక మనిషి ఉంటాడు.

పనిలో అలసిపోయి మనసు ఆరిపోవడాన్ని 1974లో అమెరికన్ మనస్తత్వవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ ఒక వ్యాసంలో చర్చకు పెట్టాడు. ఉచిత వైద్యశాలల్లో ఆదర్శంతో పనిచేసి నీరసపడినవాళ్లను చూసి రాసిన వ్యాసమది. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని రోగంగా కాక, పనిచోట పుట్టే స్థితిగా గుర్తించింది. మంచి సంగతే. అయితే ఆ ఆలోచనంతా పనిలోకి ఏదో ఆశయంతో వచ్చి, ఆ ఆశయం కరిగిపోయినవాడి చుట్టూ అల్లుకుంది. ఆశయం ఉందో లేదో ఎవరూ అడగకుండానే, నాన్న తర్వాత కొడుకుగా చీపురు అందుకున్నవాడి సంగతి అందులో ఇమడదు. శాశ్వత ఉద్యోగి సర్వీసులో చనిపోతే వారసుడికి ఉద్యోగమిచ్చే పద్ధతి ఉంది. మిగతా శాఖల్లో అది కుటుంబానికి ఆసరా. ఇక్కడ అదే ఆసరా కులవృత్తికి సర్కారు ముద్ర కూడా అవుతోంది.

ఇక మతం సంగతికొస్తే, ఈ మనిషికి మతం ఏం చెప్పింది? ఓర్చుకోవడం సాధన అంది. ఏ పనీ తక్కువది కాదంది. ఫలం మీద కన్ను వేయకుండా చేసిన పని పూజతో సమానమంది. ఈ మాటలన్నీ అబద్ధమని కొట్టిపారేయడం తేలిక. కానీ వీటిలో బరువుంది కాబట్టే ఇంతకాలం నిలిచాయి. అందుకే వీటిని పక్కకు నెట్టకుండా, ఎవరు ఎవరితో అన్నారో చూడాలి.

గీతలో కృష్ణుడు మాట్లాడుతున్నది ఒక రాజకుమారుడితో. వాడికి రథముంది, అన్నదమ్ములున్నారు, యుద్ధం వద్దనుకుంటే వెళ్లడానికి అడవి ఉంది. సొంత ధర్మంలో లోపమున్నా వదలొద్దని, నిప్పును పొగ కమ్మినట్టు ప్రతి పనినీ ఏదో ఒక దోషం కమ్మే ఉంటుందని పద్దెనిమిదో అధ్యాయంలో కృష్ణుడు చెబుతాడు. పారిశుద్ధ్య కార్మికుడికి ఎవరైనా గీత వినిపిస్తే ఈ ముక్క దగ్గరే ఆపేస్తారు. అదే అధ్యాయంలో ఇంకొంచెం ముందుకెళ్తే, చెప్పాల్సిందంతా చెప్పాను, బాగా ఆలోచించుకుని నీకేది తోస్తే అది చెయ్యి అంటాడు కృష్ణుడు. అంత ఉపదేశమూ చేసి చివరికి నిర్ణయం అర్జునుడికే వదిలేశాడు. ఆ స్వేచ్ఛ లేకపోతే మొదటి సలహాకు అర్థం మారిపోతుంది. వెళ్లగలిగినవాడు నిలబడటాన్ని నిష్ఠ అంటాం. వెళ్లలేనివాణ్ణి నిలబడమనడానికి నిష్ఠతో పని లేదు, గేటుకు తాళం ఉంటే చాలు.

భారతంలో ధర్మవ్యాధుడి కథ ఇంకా పదునైనది. అరణ్యపర్వంలో కౌశికుడనే బ్రాహ్మణుడు తపోగర్వంతో మిథిలకు వెళ్లి, మాంసం దుకాణంలో కూర్చున్న వ్యాధుడి దగ్గర ధర్మం నేర్చుకుంటాడు. వ్యాధుడు తన వృత్తిని వదలడు, అది తనకు పూర్వకర్మ వల్ల వచ్చిందంటాడు. ఏ పనైనా గొప్పదేననడానికి పండితులు నేటికీ ఈ కథనే ఉదాహరిస్తారు. కథను కాస్త నెమ్మదిగా చదివితే వేరే సంగతులు కనబడతాయి. వ్యాధుడు తాను జంతువును చంపడు, ఇతరులు చంపినది అమ్ముతాడు. దుకాణం అతనిదే. బ్రాహ్మణుణ్ణి ఇంటికి తీసుకెళ్తాడు. అది మంచి ఇల్లు, అందులో ముసలి తల్లిదండ్రులు పీటల మీద హాయిగా కూర్చుని ఉంటారు. బ్రాహ్మణుడు ఆ ఇంట్లోకి అడుగుపెడతాడు, శిష్యుడిలా వింటాడు. ఇన్ని ఉన్న మనిషి తన పనిని వదలనంటే ఆ మాట చెల్లుతుంది. ఈ ఇల్లూ దుకాణమూ అతిథీ లేని మనిషికి వ్యాధుడి వేదాంతం ఒక్కటే తీసిచ్చి పంపితే, అది సగం కథ.

బసవన్న సంగతీ అంతే. కాయకంలోనే కైలాసం ఉందన్న పన్నెండో శతాబ్దపు బోధ ఇవాళ కర్ణాటకలో ఆఫీసు గోడల మీద కూడా కనిపిస్తుంది. ఆ రోజుల్లో మాత్రం అది గోడమీద రాత కాదు. చెప్పులు కుట్టే హరళయ్య ఇంటికీ బ్రాహ్మణుడైన మధువయ్య ఇంటికీ వియ్యం కుదిరిందనీ, కళ్యాణ రాజ్యం దాన్ని సహించలేక ఇద్దరినీ క్రూరంగా శిక్షించిందనీ శరణుల కథలు చెబుతాయి. పనిని పూజ అన్నవాళ్లు ఆ పనివాడితో పిల్లనిచ్చి పుచ్చుకోవడానికీ సిద్ధపడ్డారు. ఇవాళ పూజ మాట మిగిలింది, వియ్యం సంగతి ఎవరూ ఎత్తరు.

గాంధీ దగ్గర ఈ చిక్కు మరీ సున్నితం, ఎందుకంటే ఆయన చెప్పింది చేశాడు. 1901 కలకత్తా కాంగ్రెస్‌లో మరుగుదొడ్డి తానే శుభ్రం చేశాడు, ఆశ్రమంలో అందరిచేతా చేయించాడు. మదురైకీ ఆయనకూ ఒక ముడి ఉంది. 1921 సెప్టెంబరు 22న ఈ ఊళ్లోనే ఆయన తలపాగా, చొక్కా వదిలి కొల్లాయి కట్టాడు. దేశం నోరెళ్లబెట్టి చూసింది. అదే మదురైలో ఒంటిమీద అంతకంటే ఎక్కువ గుడ్డ లేని మనుషులు అప్పటికే వీధులు ఊడుస్తున్నారు. వాళ్లను చూసి ఎవరూ నోరెళ్లబెట్టలేదు. వదులుకోవడానికి ఏదో ఒకటి ఉన్నవాడి వైరాగ్యమే లోకానికి కనబడుతుంది. 1936 నవంబరులో ‘హరిజన్’ పత్రికలో ఆదర్శ పాకీవాడు ఎలా ఉండాలో గాంధీ రాశాడు: మలమూత్రాల తీరు చూసి రోగం పసిగట్టగల, ఆ పని శాస్త్రం తెలిసిన, దాన్ని పవిత్ర బాధ్యతగా ఎంచే మనిషి. ప్రేమతోనే రాశాడు, సందేహం లేదు. 1945లో అంబేడ్కర్ దీనికి బదులిస్తూ, ఒక జాతి మెడకు కట్టిన పనిని గొప్పదని పొగిడి వాళ్లనే అందులో ఉంచడం నిస్సహాయులతో ఆడే క్రూర పరిహాసమన్నాడు. గాంధీ మంచితనాన్నంతా ఒప్పుకున్నా అంబేడ్కర్ వాదన దెబ్బతినదు. పొగడ్త ఎంత నిజాయితీగా ఉంటే పని వదలడం అంత కష్టమవుతుంది.

ఈ ఆలోచన గాంధీతో ఆగలేదు. నరేంద్ర మోదీ గుజరాత్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు 2007లో ఆయన ప్రసంగాలతో ‘కర్మయోగ్’ అనే పుస్తకం వచ్చింది. పారిశుద్ధ్య పనిని తరతరాలుగా చేస్తున్నవాళ్లకు అదొక ఆధ్యాత్మిక అనుభవం అయివుంటుందన్న అర్థం వచ్చే మాటలు అందులో ఉన్నాయి. ఆ సంగతి బయటికొచ్చాక తమిళనాట దళితులు నిరసనకు దిగారు. 2019 ఫిబ్రవరిలో ప్రయాగరాజ్ కుంభమేళాలో ప్రధానిగా ఆయనే ఐదుగురు పారిశుద్ధ్య కార్మికుల కాళ్లు కడిగారు. రాజసూయంలో కృష్ణుడు అతిథుల కాళ్లు కడిగాడని భాగవతం చెబుతుంది కాబట్టి ఆ సంజ్ఞకు సంప్రదాయంలో చోటుంది. 2020లో కరోనా వచ్చాక దేశమంతటా పూలదండలు, పాదపూజలు జరిగాయి. అదే ఏడాది తమిళనాడు ప్రభుత్వం వీళ్ల హోదా పేరును మర్యాదగా ‘తూయ్మై పణియాళర్’ (శుభ్రతా కార్మికులు) అని మార్చింది. కాళ్లు కడిగినవాళ్ల చిత్తశుద్ధిని శంకించనక్కర్లేదు. కడిగిన తర్వాత ఆ కాళ్లకు బూట్లు వచ్చాయా లేదా అన్నదొక్కటే అడగదగిన ప్రశ్న.

కోయంబత్తూరులో ఈ స్వధర్మ సిద్ధాంతానికి అనుకోకుండా ఒక పరీక్ష జరిగింది. 2019 నవంబరులో కార్పొరేషన్ 549 శాశ్వత పారిశుద్ధ్య కార్మికుల పోస్టులకు దరఖాస్తులు పిలిచింది. మొదటి జీతం 15,700 రూపాయలు. సుమారు ఏడు వేల మంది వచ్చారు. వాళ్లలో ఇంజినీర్లు, డిగ్రీలు, డిప్లొమాలు చదివినవాళ్లు ఉన్నారని పత్రికలన్నీ ఆశ్చర్యంగా రాశాయి. నిరుద్యోగం ఎంత ముదిరిందో చూడండని సంపాదకీయాలు వాపోయాయి. అది నిజమే. కానీ ఇంకో నిజం కూడా అదే వరుసలో నిలబడింది. శాశ్వత జీతం, సెలవు, భద్రత కల్పిస్తే ఈ పనికి ఏ కులం వాడైనా వస్తాడు. అవి తీసేసి కాంట్రాక్టు చేస్తే పాతవాళ్లే మిగులుతారు. ఎవరు ఏ పనికి పుట్టారన్నది గుణకర్మల వల్ల కాదు, పే స్కేలు వల్ల తేలుతోందన్నమాట. స్వధర్మం గురించి వందేళ్ల చర్చలో తెమలనిది మూడు రోజుల ఇంటర్వ్యూల్లో తెమిలింది. ఇతర కులాల నుంచి ఈ పోస్టుల్లోకి వచ్చినవాళ్లలో కొందరు చీపురు ముట్టకుండా ఆఫీసు పనుల్లోకి జారుకుంటారన్న ఫిర్యాదు తమిళనాడు కార్పొరేషన్లలో కొత్తది కాదు. వీధిలోకి మాత్రం మళ్లీ పాతవాళ్లే.

మరి వాళ్లు ఎలా తట్టుకుంటున్నారు?

ముందుగా చెప్పుకోవలసింది సారాయి. మురుగులో దిగేముందు మందు తాగడం అందరికీ తెలిసిందే, తాగకపోతే దిగలేమని దిగేవాళ్లే అంటారు. ఆ సంపాదనలో ఎంత దానికే పోతుందో, ఇంటి ఆడవాళ్ల మీద ఆ భారం ఎలా పడుతుందో పేటలో ఎవరినడిగినా చెబుతారు. మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుకు ఒక గుణముంది. కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్డు వాసన గుప్పుమంటుంది. గాలిలో పది లక్షల వంతుల్లో వంద దాటితే ముక్కు నరం మొద్దుబారి వాసనే తెలియదు. ప్రమాదం పెరిగినచోటే హెచ్చరిక ఆగిపోతుంది. ఓర్పును బోధించే ప్రతి మతమూ ఈ రసాయన శాస్త్రం చదవాలి. మనిషి ఇక బాధపడటం లేదంటే శాంతి దొరికిందనా, నరం చచ్చిందనా? బయటినుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి.

2022 ఏప్రిల్ 21న మదురై పళంగానత్తం దగ్గర నెహ్రూనగర్ మురుగు పంపింగ్ కేంద్రంలో ముగ్గురు కాంట్రాక్టు కార్మికులు ఊపిరాడక చనిపోయారు. ఇలాంటి చావుల్లో చాలాసార్లు వరుస ఇలాగే ఉంటుంది: ఒకడు పడిపోతాడు, వాణ్ణి పైకి లాగబోయి ఇంకొకడు. మనుషుల చేత మలం ఎత్తించడాన్ని నిషేధించే చట్టం 1993లోనే వచ్చింది, రక్షణ పరికరాలు లేకుండా మనిషిని మురుగులోకి దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. మదురైకి చెందిన దివ్యభారతి 2017లో తీసిన ‘కక్కూస్’ డాక్యుమెంటరీ ఆ చట్టానికీ కాలువకూ మధ్య దూరాన్ని చూపించింది. ఆ చిత్రం చూసినవాళ్లకు ఈ పనిలో ఆధ్యాత్మిక అనుభవం గురించి మాట్లాడటం కష్టం.

రెండో దారి దేవుడు. అయితే పైన చెప్పుకున్న కర్మయోగపు దేవుడు కాదు. కొంగునాట్లో వీరన్ కొలుపు రాత్రి తప్పెట మోగితే ఒకరికి సామి వస్తుంది. పగలంతా తల దించుకుని మేస్త్రీ మాటకు ‘సరేనయ్యా’ అన్న మనిషి అర్ధరాత్రి కళ్లెర్రజేసి ఊరిని నిలదీస్తాడు. నాకు చెల్లవలసింది ఏదని అడుగుతాడు, బాకీ పెట్టినవాళ్లను పేరుపెట్టి తిడతాడు. విన్నవాళ్లు చేతులు కట్టుకుని నిలబడతారు. శాంత గుణాన్ని మెచ్చే వేదాంతానికి ఇది మూఢాచారంలా కనిపించవచ్చు. నిజానికి అన్యాయంగా నరకబడినవాణ్ణి దేవుణ్ణి చేసుకున్నవాళ్లు, ఆ నరకడాన్ని మరిచిపోకుండా ఏటా ఒక రాత్రి దాచిపెట్టుకున్నారు. గుడి కట్టిన రాజు కథ ముగిసిందనుకున్నాడు. కొలిచేవాళ్ల లెక్కలో అది ముగియలేదు. 1941లో గుర్రం జాషువా రాసిన ‘గబ్బిలం’లో అరుంధతీ సుతుడు చేసేదీ ఇలాంటిదే. గుడిలోకి రానివ్వని దేవుడికి గబ్బిలం చేత ఫిర్యాదు పంపుతాడు, అదీ పూజారి లేని సమయం చూసి విన్నవించమంటాడు. మొర పెట్టుకోవడం భక్తిలో తక్కువ రకమేమీ కాదు.

కోయంబత్తూరుకు రోగాలను దేవతలను చేసుకునే అలవాటు ఉంది. గత శతాబ్దం మొదట్లో ప్లేగు ఈ ఊరిని పదేపదే ఊపేసినప్పుడు ప్లేగు మారియమ్మన్ గుడులు వెలిశాయి, వాటిలో పూజలు నేటికీ సాగుతున్నాయి. 2021 మేలో ఇరుగూరు దగ్గర కామాక్షీపురి ఆధీనం అనే మఠం నల్లరాతితో కరోనా దేవిని నిలబెట్టి యాగం చేసింది. దేశం నవ్వింది గాని, భయానికి ఒక ముఖం ఇచ్చి మాట్లాడటం మనిషికి పాతకాలపు అలవాటే. అదే ఊరి పడమట వెళ్లియంగిరి కొండల కింద 112 అడుగుల ఆదియోగి విగ్రహం ఉంది. ఒత్తిడి తగ్గించుకోవాలని దేశవిదేశాల వాళ్లు అక్కడికి ధ్యానం నేర్చుకోవడానికి వస్తారు. ధ్యానానికి తెల్లవారుజాము మంచిదంటారు, చెత్త బండికీ అదే మంచి సమయం. రెండింటిలో ఏది ఎంచుకోవాలన్న ప్రశ్న మస్టర్ పుస్తకంలో పేరున్నవాడికి రాదు.

అన్నట్టు ఈ పేటల్లో చాలామంది క్రైస్తవులయ్యారు. చర్చి వాళ్లలో కొందరిచేత తాగుడు మాన్పించింది, పిల్లల్ని బడికి పంపించింది, కానీ చీపురు మాన్పించలేకపోయింది. పెరియార్, అంబేడ్కర్ దారిలో కోయంబత్తూరు కేంద్రంగా ఆది తమిళర్ పేరవై లాంటి సంఘాలు పుట్టాయి. ఇళ్లలో తెలుగు మాట్లాడుతూ తమను ఆది తమిళులమని ప్రకటించుకోవడం చూసి ఇటువైపు తెలుగువాళ్లు నొచ్చుకోవచ్చు. కానీ వాళ్లు మదురై, కొంగుసీమల్లో వందల ఏళ్లుగా ఉన్నారు, ఆ గాలిలో బతికారు, ఆ కాలువల్లో చచ్చారు. తాము ఎవరో చెప్పుకునే హక్కు వాళ్లదే.

ఇంతకీ పనిలో గర్వం అసలు లేదా? ఉంది. కరోనా మొదటి నెలల్లో ఊరంతా తలుపులేసుకుంటే వీధిలో నడిచింది తామేనన్న గర్వం చాలామందిలో ఉంది, అది ఎవరూ నేర్పింది కాదు. తన వీధి శుభ్రంగా ఉందని వెనక్కి తిరిగి చూసుకునే మనిషి తృప్తిని ఏ సిద్ధాంతమూ కాదనకూడదు. ఆ తృప్తిని జీతం బదులు లెక్కగట్టినప్పుడే తంటా. ఫలాన్ని వదులుకోవడం ఎవరికి వారు చేసుకునే పని. యజమాని కూలివాడి తరఫున వదులుకుంటే దాన్ని త్యాగం అనరు, కోత అంటారు.

కోయంబత్తూరు కాంట్రాక్టు కార్మికులు 2022 అక్టోబరులో సమ్మె చేసినప్పుడు ఈ లెక్కే అడిగారు. జిల్లా కలెక్టర్ ఖరారు చేసిన రోజుకు 721 రూపాయల కూలి తమకు ఇవ్వాలని, ఉద్యోగాలు శాశ్వతం చేయాలని. చెత్త వీధుల్లో పేరుకునేసరికి, అప్పటిదాకా దండలు వేసినవాళ్లే తిట్టిపోశారు. 2025 ఆగస్టులో చెన్నైలో రిప్పన్ భవనం ముందు పారిశుద్ధ్య కార్మికులు ప్రైవేటీకరణ వద్దని 13 రోజులు కూర్చున్నారు. పోలీసులు అర్ధరాత్రి వాళ్లను లేపి తీసుకుపోయారు. మర్నాడు ప్రభుత్వం ఉచిత అల్పాహారంతో సహా కొన్ని పథకాలు ప్రకటించింది. హైదరాబాద్‌లో 2015లో సమ్మె తర్వాత జీహెచ్‌ఎంసీ కార్మికుల జీతం 8,500 నుంచి 12,500కు పెరిగింది. సఫాయన్నకు సలామ్ అన్న నినాదం ఆ సందర్భంలో కాస్త బరువుగా వినిపించిందంటే అందుకు ఆ నాలుగు వేలే కారణం.

బౌద్ధుల పాత గ్రంథం థేరగాథలో సునీతుడి కథ ఉంది. గుళ్లలో వాడిపోయిన పూలు ఎత్తిపోసే నీచకులంవాడు. బుద్ధుడు భిక్షువులతో వస్తుంటే దారి వదిలి గోడకు ఒదిగి నిలబడ్డాడు. బుద్ధుడు అతనితో నీ పని పవిత్రమైంది, ఇంకా శ్రద్ధగా చెయ్యి అనలేదు. రమ్మని పిలిచి భిక్షువును చేశాడు. తర్వాత ఇంద్రుడు, బ్రహ్మ వచ్చి అతనికి మొక్కారని కథ. ఆ పూల బుట్టను తర్వాత ఎవరు ఎత్తారో థేరగాథ చెప్పదు, అది ఆ కథ వదిలేసిన ప్రశ్న. కానీ మనిషిని బుట్టతో కలిపి పవిత్రం చేయకుండా, బుట్ట దింపించి పిలవడం మన మత సాహిత్యంలో అరుదైన సన్నివేశం.

ఆధునిక రాజ్యం కూడా బుట్ట దింపిస్తానంది. 2013 చట్టం కింద ఈ వృత్తి వదిలినవాడికి ఒక్కసారి ఇచ్చే నగదు సాయం 40 వేల రూపాయలు. మురుగులో చనిపోతే సుప్రీంకోర్టు 2014లో 10 లక్షలు ఇవ్వమంది, 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలకు పెంచింది. చావుకు విలువ పెరగడం న్యాయమే. బతికుండగా వదలడానికి ఇచ్చే విలువ పక్కన పెట్టి చూస్తే మాత్రం ఎక్కడో లెక్క తిరగబడినట్టు కనిపిస్తుంది.

పిల్లలకైనా వేరే దారి ఉండాలని సంఘాలు పోరాడిన ఫలితంగా తమిళనాడు 2009లో ఎస్సీల 18 శాతంలో 3 శాతం అరుంధతీయర్లకు విడిగా కేటాయించింది. ఆంధ్రదేశంలో 1994 నుంచి మాదిగ దండోరా అడుగుతూ వచ్చినదీ ఇదే తర్కం. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఉపవర్గీకరణ చెల్లుతుందని తేల్చింది, 2025 ఏప్రిల్‌లో తెలంగాణ అమలు మొదలుపెట్టింది. తమిళనాట ఆ 3 శాతంతో వైద్య, ఇంజినీరింగ్ కాలేజీల్లోకి పేట పిల్లలు వెళ్లారు. ఉద్యోగాల దగ్గర మాత్రం ఇంకో చిక్కు వచ్చిపడింది. కార్పొరేషన్లలో పనులు ఒక్కొక్కటిగా కాంట్రాక్టుకు పోతున్నాయి. కాంట్రాక్టు కొలువుకు రోస్టర్ ఉండదు, రిజర్వేషన్ ఉండదు. శాశ్వత పోస్టులే తగ్గిపోతుంటే, ఆ మూడు శాతం దేనిలో మూడు శాతం?